మేం చూడని మ్యాచ్



హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని పిల్లలు ఫోన్ చేశారు. "మీరు చదువుకునే రోజుల్లో ఆటలు ఆడేవారట కదా సార్, దాని గురించి రాయండి" అన్నారు. అక్కడే చిన్న పొరపాటుంది. నేను ఆడలేదు. చూశాను. చూడటం అంటే సాయంత్రం పూట గోడ మీద కూర్చుని కాలక్షేపం చేయటం కాదు. అయిదేళ్ళపాటు కాలేజీ వాలీబాల్ టీము ఎక్కడికెళితే అక్కడికి, గాలి పంపు చంకలో పెట్టుకుని వెళ్ళాను. నెట్టు కట్టాను, సున్నంతో గీతలు గీశాను, కాలవలో పడ్డ బంతులు తీశాను, స్కోరు పుస్తకం రాశాను. ఆ అయిదేళ్ళలో బంతిని కొట్టింది మాత్రం ప్రాక్టీసు అయిపోయాక చీకట్లోనే. అందుకని ఇది ఆటగాడి అనుభవం కాదు, ఆట వెనక నడిచినవాడి అనుభవం అనుకుని చదవండి.

1991 జూన్‌లో నేను ఇంటర్‌లో చేరి రేపల్లె వచ్చాను. మాది నిజాంపట్నం వైపు ఊరు. మా నాన్న రొయ్యల చెరువు మీద కాపలా ఉండేవాడు. ఒక రేకు పెట్టె, దుప్పటి, చెంబు, రెండు జతల బట్టలు, ఇవే నా సామాను. మొదటి వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం అయిదయితే గదులన్నీ ఖాళీ అయిపోయేవి. ఎక్కడికి పోతున్నారా అని ఒకరోజు వెనకాలే వెళ్ళాను. కాలేజీ మైదానంలో రెండు సరుగుడు బాదులు పాతి, మధ్య నెట్టు కట్టి ఉంది. చుట్టూ నూరు మంది దాకా జనం. ఇటు కొట్టిన బంతి ఒకటి బయటికి దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. తీసి విసిరాను. "తమ్ముడూ, అక్కడే నిలబడు, అటు వచ్చినవన్నీ నువ్వే అందుకో" అని ఒకతను కేకేశాడు. అంతే. నాకు ఉద్యోగం దొరికిపోయింది.

ఆ కేకేసినతను మా హాస్టల్ అన్నే. డిగ్రీ మొదటి సంవత్సరం. టీములో బూస్టర్. ఇప్పుడు సెట్టర్ అంటున్నారు, ఆ రోజుల్లో మాకు బూస్టరే. మనిషి పొడుగు కాదు. కానీ బంతి అతని వేళ్ళ మీదికి వచ్చిందంటే చప్పుడు వినపడేది కాదు. పక్కన నెట్టు మీదికి ఎంత ఎత్తున లేవాలో అంతే లేచేది. స్మాష్ కొట్టినవాడికి చప్పట్లు పడేవి. ఆ బంతిని లేపినవాడిని ఎవరూ చూసేవారు కాదు. నేను మాత్రం అతని చేతులే చూసేవాణ్ణి.

మన హాస్టళ్ళలో వాలీబాల్ ఎందుకంత పాకింది అంటే నాకు తోచిన కారణం ఒక్కటే. ఖర్చు తక్కువ. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో 1891లో జేమ్స్ నాయిస్మిత్ బాస్కెట్‌బాల్ కనిపెట్టాడు. నాలుగేళ్ళకు, 1895లో, అదే రాష్ట్రంలో హోల్యోక్ అనే ఊళ్ళో విలియం మోర్గాన్ వాలీబాల్ కనిపెట్టాడు. బాస్కెట్‌బాల్ దూకుడు ఆట కాబట్టి కాస్త వయసు మళ్ళినవాళ్ళు కూడా ఆడుకునేలా ఇది తయారుచేశాడట. రెండూ వైఎంసీఏ వాళ్ళ వ్యాయామశాలల్లో పుట్టినవే. కానీ బాస్కెట్‌బాల్‌కి గట్టి నేల కావాలి, పలకలు కావాలి, ఇనప రింగులు కావాలి. వాలీబాల్‌కి 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు నేల చాలు. సముద్రం వైపు వెళితే సరుగుడు తోటలు ఉండనే ఉన్నాయి. చేపల వల అల్లేవాళ్ళు నెట్టు చిరిగితే నిమిషంలో అల్లిపెట్టేవారు. తోలు బంతి కుట్లు ఊడితే బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే తాత కుట్టేవాడు. డబ్బులిస్తే "కాలేజీ బంతికి డబ్బులేంట్రా" అని తిట్టేవాడు. నెట్టు ఎత్తు 2.43 మీటర్లు ఉండాలి. కొలిచే టేపు మాకు లేదు. పొడుగన్న ఒకడు టీములో ఉండేవాడు. అతను చెయ్యెత్తి నిలబడితే మణికట్టు కింద ఎక్కడిదాకా రావాలో మాకు గుర్తు. ఒకసారి తెనాలిలో రిఫరీ టేపు పెట్టి కొలిస్తే మా లెక్కకు రెండు వేళ్ళ తేడా వచ్చింది. అంటే ఏడాదంతా రెండు వేళ్ళు ఎక్కువ ఎత్తున ప్రాక్టీసు చేశాం. ఆరోజు మావాళ్ళు ఎగిరి కొట్టినట్టు మళ్ళీ ఎప్పుడూ కొట్టలేదు.

మా గదిలో గోడ మీద జిమ్మీ జార్జ్ ఫోటో ఉండేది. పేపర్లోంచి కత్తిరించి అన్నం మెతుకులతో అంటించారు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో మన దేశానికి వాలీబాల్లో కాంస్యం వచ్చింది. ఆ టీములో ఆడినవాడు. మరుసటి ఏడాది నవంబర్ 30న ఇటలీలో కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి 32 ఏళ్ళు. మన తెలుగువాడు అరికపూడి రమణారావుకు 1990లో ద్రోణాచార్య అవార్డు వచ్చింది. ఈ సంగతులన్నీ బూస్టర్ అన్న నాకు పాఠంలా చెప్పేవాడు. చెప్పి మర్నాడు అడిగేవాడు కూడా.

ఈ తరం పిల్లలకు ఒక విషయం చెప్పాలి. అప్పటి ఆట లెక్క వేరు. ఇప్పుడు బంతి కింద పడితే ఎవరో ఒకరికి పాయింటు. సెట్టుకి 25. ఈ పద్ధతి ప్రపంచమంతా వచ్చింది 1990ల చివర్లో, ఒలింపిక్స్‌లో 2000 సిడ్నీ నుంచి. మా రోజుల్లో సెట్టుకి 15 పాయింట్లు. సర్వీసు చేసిన జట్టుకే పాయింటు. ఎదుటివాళ్ళు సర్వీసు చేస్తుంటే నువ్వు ఎంత బాగా కొట్టినా నీకు వచ్చేది సర్వీసు మాత్రమే, పాయింటు కాదు. చివరి నిర్ణయాత్మక సెట్టు ఒక్కటే ఇప్పటిలా ప్రతి బంతికీ పాయింటు. అందువల్ల ఒక్కో సెట్టు ఎప్పటికి ముగుస్తుందో దేవుడికే తెలియాలి.

1992లో తెనాలిలో ఒక మ్యాచ్ రెండో సెట్టులో మేము 14, వాళ్ళు 13. ఒక్క పాయింటు చాలు. ఆ ఒక్క పాయింటు కోసం సర్వీసు 23 సార్లు చేతులు మారింది. నా స్కోరు పుస్తకంలో గీతలు పెట్టుకుంటూ వచ్చాను కాబట్టి తెలుసు. చివరకు సెట్టు గెలిచాం, మూడో సెట్టు ఓడిపోయాం. ఈలోగా రేపల్లె ఆఖరి బండి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అందరం తెనాలి ప్లాట్‌ఫారం మీదే పడుకున్నాం. నెట్టు మడిచి తలకింద పెట్టుకున్నాం. పొద్దున్నే పీడీ గారు తన డబ్బుతో అందరికీ ఇడ్లీ పెట్టించారు. "ఒరేయ్ పుస్తకం, నీక్కూడా రెండు ప్లేట్లురా, 23 గీతలు గీశావు" అన్నారు. కొత్త పద్ధతి మంచిదే, టీవీకి వీలుగా ఉంటుంది. కానీ పాయింటు రాదని తెలిసి కూడా ప్రాణం పెట్టి బంతిని ఆపటం ఎలా ఉంటుందో చూసినవాళ్ళం మేము. మా బతుకులకు ఆ లెక్కే దగ్గరగా ఉండేదేమో. ముందు సర్వీసు సంపాదించుకోవాలి, పాయింటు సంగతి ఆ తర్వాత.

ఒక రైలు ప్రయాణం గురించి రాయకుండా ముందుకు పోలేను. 1991 ఆగస్టు 6న చుండూరులో ఏం జరిగిందో మన హాస్టల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఎనిమిది మంది దళితుల్ని చంపారు. మా హాస్టల్లో చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలున్నారు. నెల రోజులు రాత్రిపూట ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఊరి నుంచి ఎవరైనా వస్తే గేటు దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. మైదానంలో నెట్టు కట్టలేదు.

ఆ ఏడాది చలికాలంలో బాపట్లలో పోటీలు. టీములో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు. హాస్టల్ నుంచి ముగ్గురు. రేపల్లె నుంచి తెనాలి దాకా పాటలు పాడుకుంటూ వెళ్ళారు. తెనాలిలో బండి మారాం. తెనాలి దాటాక వచ్చేది చుండూరు స్టేషను. ప్యాసింజరు అక్కడ ఆగింది. పెట్టెలో పాట ఆగిపోయింది. కిటికీ దగ్గర కూర్చున్న బూస్టర్ అన్న బయటికి చూడటం లేదు, చేతిలో బంతినే చూస్తున్నాడు. మా కెప్టెన్ రైతు కుటుంబం అబ్బాయి. ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఆ రెండు నిమిషాలు ఎవరికీ ఎవరి మొహం చూడాలో తెలియలేదు. బండి కదిలాక కెప్టెన్ లేచి వచ్చి అన్న పక్కన ఇరుకులో కూర్చున్నాడు. వేరుశనక్కాయల పొట్లం విప్పి ముందు అన్న దోసిట్లో పోశాడు. అన్న ఒక్కటి వలిచి, గింజలు సగం కెప్టెన్ చేతిలో పెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు. నిడుబ్రోలు దాటేదాకా కాయలు వలిచిన చప్పుడే. దీన్నిబట్టి అంతా బాగైపోయిందని నేను అనను. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఆ పెట్టెలో జరిగింది చాలా చిన్న విషయం. కానీ నా కళ్ళతో చూశాను కాబట్టి రాస్తున్నాను.

ఇక అసలు సంగతి. 1993 డిసెంబరు. నేను డిగ్రీలో చేరాను. బూస్టర్ అన్నకు అదే ఆఖరి సంవత్సరం. మళ్ళీ బాపట్లలోనే పోటీలు. ఈసారి గెలిస్తే గుంటూరులో తర్వాతి రౌండు. మూడేళ్ళుగా దాని దరిదాపులకు కూడా వెళ్ళలేదు.

మ్యాచ్‌కి రెండు రోజుల ముందు అన్న వాళ్ళ నాన్న హాస్టల్‌కి వచ్చాడు. వరండా చివర నిలబడి ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. భట్టిప్రోలు, పల్లికోన మధ్య రైలు కట్ట పక్కన ఎకరంన్నర చేను గుత్తకు కోస్తానని ఆయన ఒప్పుకున్నాడు. బయానా కూడా తీసుకున్నాడు. పెద్దకూతురు పురిటికి వచ్చింది, ఆ డబ్బు అప్పుడే ఖర్చయిపోయింది. ఇంతలో అమ్మకు జ్వరం. ఆకాశం మబ్బు పట్టింది. ఆదివారం సాయంత్రానికి కోత కావాలని ఆసామి పట్టుబట్టాడు. మ్యాచ్ కూడా ఆదివారమే. అన్న పెట్టె సర్దుకోవటం మొదలుపెట్టాడు. "బూస్టింగ్ ఎవడైనా చేస్తాడులే" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు మా ఎవరి వైపూ చూడలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు. "మేం కోస్తాం" అన్నారు. చేతులెత్తినవాళ్ళు ఆరుగురు. అయిదుగురు కూలీల ఇళ్ళ పిల్లలే, కొడవలి పట్టటం తెలుసు. ఆరోవాణ్ణి నేను. మాది రొయ్యల చెరువుల వ్యవహారం, నాకు వరి కోత రాదు. టీము వెంట వెళ్ళాల్సిన నేను, స్కోరు పుస్తకం పొడుగన్న తమ్ముడికిచ్చి, చేలోకి బయల్దేరాను. వార్డెన్ గారు విషయం విని, "పరీక్షలు దగ్గర పడుతున్నాయి" అని కసిరారు. తెల్లవారుజామున వంటమనిషి చేత పులిహోర కట్టించి పంపింది మాత్రం ఆయనే.

ఆ చేను సాంబ మసూరి. బీపీటీ 5204. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన వంగడం, తర్వాత దేశమంతా పాకింది. మన టీము బాపట్లలో ఆడుతుంటే మనం బాపట్ల వరి కోస్తున్నామని ఒకడు జోకు వేశాడు. మన డెల్టాలో వరి కోతకు ముందే చేలో మినుము చల్లుతారు కదా. అడుగున మొలకలుంటాయి. వాటిని తొక్కకుండా వంగి కొయ్యాలి. పక్క చేలో ఆడకూలీలు నా కోత చూసి పడీ పడీ నవ్వారు. "ఈ బాబు వరి కొయ్యటం లేదమ్మా, క్షవరం చేస్తున్నాడు" అంది ఒక పెద్దావిడ. తొమ్మిది గంటలకల్లా ఎడమ చిటికెన వేలు కోసుకున్నాను. ఆవిడే వచ్చి చీరకొంగు పేలిక చింపి కట్టింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. పదకొండయ్యాక అందరి మనసూ బాపట్లలోనే. "ఇప్పుడు మొదటి సెట్టు అయిపోయుంటుంది" అని ఒకడు. "లేదురా, ఇంకా సర్వీసులు మారుతుంటాయి" అని ఇంకొకడు.

ముందే ఒక ఒప్పందం చేసుకున్నాం. బాపట్ల నుంచి తెనాలి వచ్చి, సాయంత్రం రేపల్లె ప్యాసింజర్ ఎక్కుతారు. ఆ బండి మేం కోస్తున్న చేను పక్కనుంచే పోవాలి. గెలిస్తే కిటికీలోంచి బనీను ఊపాలి. ఓడితే ఏమీ చెయ్యక్కర్లేదు.

నాలుగున్నరకు కోత పూర్తయింది. అన్న వాళ్ళ నాన్న గట్టు మీద కూర్చుని, "బాబూ, మీరు పోండి, చీకటి పడుతుంది" అన్నాడు. మేం కదల్లేదు. మబ్బు వల్ల తొందరగా చీకటి కమ్ముతోంది. బండి ఆలస్యం. అయిదున్నర దాటాక దూరాన కూత వినపడింది. ఆరుగురం కట్ట పక్కన వరసగా నిలబడ్డాం. ఇంజను పోయింది. మొదటి పెట్టె పోయింది, ఏమీ లేదు. రెండోది, మూడోది, ఏమీ లేదు. మా పక్కనున్నవాడు "పోయిందిరా" అని కింద కూర్చున్నాడు. ఆఖరి పెట్టె వచ్చింది. అందులోంచి ఒకటి కాదు, అన్ని కిటికీల్లోంచి పసుపు బనీన్లు. తలుపు దగ్గర బూస్టర్ అన్న ఒంటి మీద చొక్కా లేకుండా వేలాడుతూ, ఏదో అరుస్తున్నాడు. ఒక్క మాటా వినపడలేదు. మేము అరిచింది వాళ్ళకీ వినపడి ఉండదు. అన్న వాళ్ళ నాన్నకు ఆటంటే ఏమిటో తెలియదు. ఆయన కూడా తలగుడ్డ విప్పి ఊపాడు.

ఆ మ్యాచ్ నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. 15-12, 8-15, 15-13. ఆఖరి బంతిని పొడుగన్నకు లేపుతాడనుకుని ఎదుటివాళ్ళు ఇద్దరు బ్లాక్‌కి లేచారట. అన్న లేపకుండా రెండో టచ్‌లోనే వెనక ఖాళీలో మెల్లగా వదిలాడట. బంతి నెట్టుకు తగిలి పడిందని ఒకరు, తగల్లేదని ఒకరు. ఆరుగురు ఆటగాళ్ళు ఆరు రకాలుగా చెప్పారు. నాకు మాత్రం చూసినట్టే ఉంటుంది.

గుంటూరు మ్యాచ్‌కి మాత్రం మేమంతా వెళ్ళాం. వరసగా రెండు సెట్లు ఓడిపోయారు. 15-6, 15-9. "నువ్వు పొలంలో ఉంటేనే గెలుస్తాంరా" అని వచ్చేటప్పుడు బండిలో నన్ను ఏడిపించారు.

తర్వాత ఎవరి దారి వారిది. నేను డీఎస్సీ రాసి టీచర్నయ్యాను. బూస్టర్ అన్న ఆర్టీసీలో కండక్టరు అయ్యాడు. 2009లో ఒకరోజు రేపల్లె బస్సులో "టికెట్, టికెట్" అన్న గొంతు విని తలెత్తాను. ఆయనే. జుట్టు నెరిసింది. టికెట్ కొట్టి నా చేతికిచ్చి, డబ్బు తన జేబులోంచి తీసి సంచిలో వేశాడు. జనం తగ్గాక పక్కన కూర్చున్నాడు. మాటల్లో ఆ ఆఖరి బంతి సంగతి అడిగాను. నెట్టుకు తగిలిందా లేదా, నిజం చెప్పమన్నాను.

"అది నాకు గుర్తులేదురా తమ్ముడూ" అన్నాడు. "నాకు గుర్తున్నది భట్టిప్రోలు దాటాక. చీకటి పడింది. కోత అవ్వలేదేమో, నాన్న ఒక్కడే ఉన్నాడేమో, మీరు విసిగి వెళ్ళిపోయారేమో అని తలుపు దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నా. గెలిచిన సంగతి కూడా మర్చిపోయా. కట్ట పక్కన ఆరు తలకాయలు కనపడ్డాయి చూడూ, అప్పుడు అరిచాను."

పదహారేళ్ళపాటు నేను, ఆ రోజు మేము మాత్రమే ఎదురుచూశామనుకున్నాను.

ఇప్పుడు మన రేపల్లె బాపట్ల జిల్లాలోకి వచ్చింది. 2006లో పెనుమూడి దగ్గర వంతెన వచ్చాక దివిసీమకు పడవ ఎక్కే పని తప్పింది. 2022లో ప్రైమ్ వాలీబాల్ లీగ్ మొదలైనప్పుడు మన హైదరాబాద్ జట్టు ఆడుతుంటే టీవీ ముందు కూర్చుని కాగితం మీద గీతలు పెట్టుకున్నాను. మా అబ్బాయి చూసి, "స్కోరు స్క్రీన్ మీదే వస్తోంది కదా నాన్నా" అని నవ్వాడు. అలవాటు పోలేదు.

తమ్ముళ్ళూ, మీలో బాగా ఆడేవాళ్ళ గురించి ఈ సంచికలో ఎలాగూ రాస్తారు. ఫోటోలు వేస్తారు. నాదొక చిన్న కోరిక. గీతలు గీసేవాణ్ణి, పంపు మోసేవాణ్ణి, బంతి వెతికేవాణ్ణి కూడా ఆ ఫోటోలో ఒక పక్కన నిలబెట్టండి. అలాగే మీ పక్క మంచం మీద పడుకునేవాడు పెట్టె సర్దుకుంటుంటే, ఎందుకు సర్దుకుంటున్నాడో ఒక్కసారి అడగండి. మా హాస్టల్ నాకు నేర్పిన చదువులో నాకు బాగా వచ్చిన పాఠం అదొక్కటే.

ఈ వార్షికోత్సవం బాగా జరగాలని, ఈ ఏడాది మన టీము గెలవాలని కోరుకుంటూ,

మీ పూర్వ విద్యార్థి
(స్కోరు పుస్తకం)